కందిరీగ ఇంట్లోకి వస్తే...



ఎండాకాలం వచ్చింది. మామిడిపళ్ళు వచ్చాయి. తాటిముంజలు వచ్చాయి. వాటితోపాటు ఇంకో చుట్టం కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. కిటికీలోంచి వచ్చింది. చూరు కింద తిరుగుతోంది. నీళ్ళకుండ మీద వాలుతోంది. 'జుయ్‌'మని మోగుతోంది.

ఎవరా చుట్టం? కందిరీగ.

కందిరీగను చూడగానే మనం ఏం చేస్తాం? కొంగు విసురుతాం. చీపురు తీస్తాం. పిల్లలు కేకలు పెడతారు. కొందరు కాగడా వెలిగిస్తారు. కందిరీగ వల్ల వచ్చే ప్రమాదం కొంత. మన కంగారు వల్ల వచ్చే ప్రమాదం ఇంకొంత.

ఈ పాఠంలో మూడు మాటలు నేర్చుకుందాం.

కంగారు వద్దు.
నిప్పు వద్దు.
ఆలస్యం వద్దు.

ఈ మూడు మాటలూ పైకి చదవండి. ఇంకోసారి చదవండి. ఇప్పుడు పాఠంలోకి వెళ్దాం.

1. ఎండాకాలంలో ఎందుకు వస్తుంది?

ఎండాకాలంలో మనకు ఏం కావాలి? నీడ కావాలి. నీళ్ళు కావాలి. కందిరీగకూ అవే కావాలి.

బయట ఎండ మండిపోతుంది. మన ఇంటి చూరు కింద నీడ ఉంటుంది. వాన పడినా అక్కడ తడవదు. గూడు పెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంది?

గూడు బాగా వేడెక్కితే లోపలి పిల్లలు చచ్చిపోతాయి. అందుకని కందిరీగ నోటితో నీళ్ళు తెస్తుంది. గూటి మీద చల్లుతుంది. రెక్కలతో విసురుతుంది. మనం గుమ్మానికి తడిగుడ్డ కట్టుకున్నట్టే అన్నమాట. ఆ నీళ్ళ కోసమే బోరింగు దగ్గరికి వస్తుంది. కుండ దగ్గరికి వస్తుంది. అంట్లు తోమే చోటికి వస్తుంది.

తీపి కోసం కూడా వస్తుంది. కోసిన మామిడిపండు, బెల్లం, చెరుకురసం, ఎండబెట్టిన మామిడితాండ్ర అంటే దానికి ఇష్టం. కల్లుకుండ దగ్గర కూడా మూగుతుంది.

అంటే అది మన మీద పగబట్టి రావడం లేదు. దాని బతుకు కోసం వస్తోంది.

2. అన్నీ ఒకటి కావు

కందిరీగను ఎలా గుర్తుపట్టాలి? దాని నడుము చూడండి. దారంలా సన్నగా ఉంటుంది. తేనెటీగ నడుము అంత సన్నగా కనిపించదు. దాని ఒంటి మీద నూగు ఉంటుంది. కందిరీగ ఒళ్ళు నున్నగా ఉంటుంది.

మన ఇళ్ళ దగ్గర ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది: మట్టిగూడు కట్టేది.

ఇది తడిమట్టిని ఉండలుగా చేసి తెస్తుంది. గోడ మీద, దేవుడి పటం వెనక, తలుపు మూలన గూడు కడుతుంది. తాళం కన్నంలో కూడా మట్టి పెట్టేస్తుంది. ఇది ఒంటరిది. గుంపుగా ఉండదు. మనం పట్టుకుంటేనో, నలిపితేనో తప్ప సాధారణంగా కుట్టదు. దీనికి భయపడాల్సిన పని లేదు.

రెండోది: కాగితం గూడు కట్టేది.

దీని గూడు బూడిదరంగులో ఉంటుంది. చిన్న కాడకు వేలాడుతుంది. కింద నుంచి చూస్తే గదులు గదులుగా కనిపిస్తుంది. ఒక్కో గదికి ఎన్ని అంచులు? దూరం నుంచే చూసి లెక్కపెట్టండి. 6 ఉంటాయి. ఇవి గుంపుగా బతుకుతాయి. గూడు జోలికి వెళ్తే కలిసి కుడతాయి.

మూడోది: పెద్ద కందిరీగ.

ఇది మిగతా వాటికంటే చాలా పెద్దది. చెట్టు తొర్రలో, కొమ్మల మీద, మట్టి బొరియల్లో, ఒక్కోసారి ఇంటి కప్పు కింద గూడు పెడుతుంది. దీని విషం బాధ ఎక్కువ. గూడు కదిలిస్తే తరిమి తరిమి కుడుతుంది. దీని దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి ముందు చూడాలి. ఏ కందిరీగో తెలుసుకోవాలి. తర్వాతే ఏం చేయాలో ఆలోచించాలి.

3. కాగితం సంగతి

మీ చేతిలో ఈ పుస్తకం ఉంది. ఇది కాగితంతో చేసింది. కాగితాన్ని చెక్క గుజ్జుతో చేస్తారు.

కందిరీగ కూడా అదే పని చేస్తుంది. పాత చెక్కను, ఎండిన కంపను నోటితో గీకుతుంది. నమిలి ఉమ్ముతో కలుపుతుంది. ఆ గుజ్జును పలచగా పరిచి గూడు కడుతుంది. ఆరితే అది కాగితమే.

ఫ్రాన్సు దేశంలో రియోమర్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆ రోజుల్లో అక్కడ పాతగుడ్డల పేలికలతో కాగితం చేసేవారు. ఆయన కందిరీగ గూడును పరీక్షగా చూశాడు. గుడ్డలు లేకుండా చెక్కతోనే కాగితం చేయవచ్చని 1719లో పండితుల ముందు చెప్పాడు. తర్వాత చాలా ఏళ్ళకు చెక్కతో కాగితం చేయడం మొదలైంది.

చూశారా! మనుషులకంటే ముందే కందిరీగ చెక్కతో కాగితం చేసింది.

4. పాత మాట, అసలు సంగతి

మన పెద్దలు ఒక మాట చెప్పేవారు. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెడుతుందట. దాన్ని కుట్టి కుట్టి, దాని చుట్టూ మోగుతూ తిరుగుతుందట. ఆ పురుగు భయంతో కందిరీగనే తలుచుకుంటూ చివరికి కందిరీగ అయిపోతుందట. దీన్నే 'భ్రమర కీటక న్యాయం' అంటారు.

పెద్దలు చూసింది నిజమే. కందిరీగ పురుగును తెచ్చింది. కొన్నాళ్ళకు ఆ గూట్లోంచి కందిరీగ బయటికి వచ్చింది. కాని మధ్యలో లోపల ఏం జరిగిందో వాళ్ళకు కనిపించలేదు.

లోపల జరిగేది ఇది. తల్లి కందిరీగ పురుగును కుడుతుంది. పురుగు చావదు. కాని కదలలేదు. దాన్ని గూట్లో పెట్టి, అక్కడే గుడ్డు పెడుతుంది. పైన మట్టితో మూసేస్తుంది. గుడ్డులోంచి పిల్ల వస్తుంది. ఆ పురుగును తిని పెరుగుతుంది. రెక్కలు వచ్చాక గూటికి కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. అంటే తెచ్చిన పురుగు కందిరీగ కాలేదు. కందిరీగ పిల్లకు తిండి అయింది.

కొన్ని రకాల మట్టి కందిరీగలు ఆకుపురుగులను తెస్తాయి. కొన్ని రకాలు సాలెపురుగులను తెస్తాయి.

మట్టిగూడు కడితే ఆ ఇంట్లో పిల్లలు పుడతారని కొందరు అంటారు. ఆ గూట్లో పుట్టేవి మాత్రం కందిరీగ పిల్లలే!

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. కొందరు ఆ గూటి మట్టిని వాపు మీద, పుండు మీద పట్టు వేస్తారు. అలా చేయకండి. మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండవచ్చు. పసిబిడ్డ బొడ్డు మీద ఏ మట్టీ పెట్టకూడదు.

5. కందిరీగ ఎందుకు కుడుతుంది?

కుట్టేది ఆడ కందిరీగే. మగదానికి ముల్లు లేదు. గుడ్లు పెట్టే అవయవమే ఆడదానికి ముల్లుగా మారింది.

తేనెటీగ మనల్ని కుడితే దాని ముల్లు మన చర్మంలో ఉండిపోతుంది. తర్వాత ఆ తేనెటీగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు సాధారణంగా మన ఒంట్లో ఉండిపోదు. అందుకే ఒకే కందిరీగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు.

అది ఎప్పుడు కుడుతుంది?

గూడు కదిలిస్తే కుడుతుంది.
చేత్తో, కొంగుతో కొడితే కుడుతుంది.
బట్టల్లో, చెప్పుల్లో ఇరుక్కుంటే కుడుతుంది.

పిల్లల జోలికి వస్తే ఏ తల్లి ఊరుకుంటుంది? కందిరీగ కూడా ఊరుకోదు.

ఇంకో సంగతి. కందిరీగ మనకు మేలు కూడా చేస్తుంది. పత్తి, కంది, కూరగాయ చేలల్లో ఆకులను, కాయలను తినే పురుగులను పట్టుకుపోతుంది. తన పిల్లలకు మేపుతుంది. కాబట్టి చేలో ఉన్న గూడును, మన దారికి అడ్డం లేని గూడును అలాగే వదిలేయండి.

6. ఇంట్లోకి ఒక కందిరీగ వస్తే

మొదటి మాట గుర్తుందా? కంగారు వద్దు.

చేతులు ఊపకండి. కొంగు విసరకండి. నోటితో ఊదకండి.
పిల్లలను మెల్లగా పక్క గదిలోకి గాని, బయటికి గాని పంపండి.
పగలైతే ఎండ పడే వైపు కిటికీ, తలుపు తెరవండి. ఇంట్లో దీపం ఆర్పండి. కందిరీగ వెలుతురు వైపు పోతుంది.
రాత్రయితే లోపలి దీపం ఆర్పి, వసారాలో దీపం వేయండి. తలుపు తీసి ఉంచండి.
పండ్ల మీద, బెల్లం మీద మూత పెట్టండి.

గోడ మీద వాలితే ఇంకో ఉపాయం ఉంది. ఒక గాజుగ్లాసు తీసుకోండి. మెల్లగా దాని మీద బోర్లించండి. గ్లాసుకూ గోడకూ మధ్య ఒక దళసరి అట్ట దూర్చండి. అలాగే పట్టుకుని బయటికి తీసుకెళ్ళి వదిలేయండి. ఇది ఒక్క కందిరీగ ఉన్నప్పుడే చేయాలి. పెద్ద కందిరీగతో చేయవద్దు.

గూడు దగ్గర కందిరీగను నలపకండి. ఆ వాసనకు మిగతావి రేగవచ్చు.

7. గూడు కనిపిస్తే

ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళు ఉన్నారు. వాళ్ళది తాటాకుల ఇల్లు. చూరు కింద గూడు కనిపించింది. వాళ్ళ మాటలు చదవండి. ఇద్దరు కలిసి చదవండి. ఒకరు అత్త, ఒకరు కోడలు.

అత్త: ఏమే కోడలా! చూరు కింద చూశావా? కందిరీగ గూడు పెట్టింది.

కోడలు: చూశానత్తా. నిన్ననే చూశా.

అత్త: మరి చెప్పవేం? కర్రకు గోనెపట్టా చుట్టు. కిరసనాయిలు పొయ్యి. నేను అంటిస్తా.

కోడలు: వద్దత్తా. పైన ఏముందో చూడు. తాటాకు. ఎండకు ఎండి పెళపెళలాడుతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

అత్త: మీ మామ ఎన్నిసార్లు కాల్చాడో! ఏమైందంట?

కోడలు: ఏమీ కాలేదు. నిజమే. కాని ఒక్కసారి అయితే చాలు కదత్తా. ఇల్లు పోతుంది. బియ్యం పోతాయి. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం పోతాయి. పక్కిల్లు కూడా తాటాకుదే. గాలి అటే కొడుతోంది.

అత్త: అయితే గూడు ఉంచుకోమంటావా? పిల్లాడు అక్కడే పాకుతున్నాడు.

కోడలు: ఉంచొద్దు. తీద్దాం. నిప్పుతో కాదు. గూడు ఎంతుందో చూడు.

అత్త: రూపాయి బిళ్ళంత ఉంది. ఒకటే కందిరీగ ఉంది.

కోడలు: ఇప్పుడే మొదలుపెట్టింది. కాసేపటికి అది మేతకు పోతుంది. పోయాక పొడుగాటి కర్రతో గూడు పడేద్దాం. కాడ కూడా గీకేద్దాం. గూట్లో లేదు కాబట్టి కుట్టదు.

అత్త: మళ్ళీ వస్తే?

కోడలు: వస్తుంది. కాసేపు వెతుక్కుంటుంది. మళ్ళీ కడితే మళ్ళీ తీద్దాం. రెండు మూడు సార్లు తీస్తే చోటు మార్చుకుంటుంది.

అత్త: మరి ఆ పాడుబడ్డ పాక చూరుకు చేటంత గూడు ఉందే! దాన్నేం చేస్తావు?

కోడలు: దాన్ని మనం ముట్టుకోవద్దత్తా. పిల్లలను అటు పోనివ్వొద్దు. గూళ్ళు తీయడం తెలిసినవాళ్ళను పిలుద్దాం.

అత్త: సరేలే. ఆ కర్ర ఇటు ఇవ్వు. అది ఎగిరిపోగానే నేనే పడేస్తా.

మాటలు చదివారు కదా! కోడలు చెప్పిన దాన్ని ఇలా గుర్తుపెట్టుకుందాం.

గూడు చిన్నది, కందిరీగ ఒకటే అయితే: అది లేనప్పుడు పడేయాలి.
గూడు పెద్దది, కందిరీగలు చాలా ఉంటే: మనం ముట్టుకోకూడదు. తెలిసినవారిని పిలవాలి.
ఎవరూ తిరగని చోట ఉంటే: వదిలేయాలి.
పాత మట్టిగూటికి గుండ్రటి కన్నం ఉంటే: పిల్ల ఎగిరిపోయినట్టే. గీకి పారేయవచ్చు.

కిరసనాయిలు, పెట్రోలు పోసి కాల్చడం ఎక్కడా వద్దు. డాబా ఇల్లయినా వద్దు. పాక కింద నిప్పులు పెట్టి పొగ వేయడం కూడా వద్దు. రాళ్ళు విసరడం అసలే వద్దు. కందిరీగల తుట్టెను కదిపితే దారిన పోయేవాళ్ళను కూడా కుడతాయి.

కరెంటు మీటరులో, స్విచ్చి పెట్టెలో మట్టిగూడు ఉంటే ఇనుప చువ్వతో పొడవకండి. కరెంటు పనివాడిని పిలవండి.

8. మందు డబ్బా మీద ఏముంది?

కొందరు పొలానికి కొట్టే పురుగుమందును ఇంట్లో గూడు మీద కొడతారు. అది చాలా ప్రమాదం. ఆ మందు నీళ్ళకుండలో పడుతుంది. ధాన్యం మీద పడుతుంది. పసిపిల్లలు పీలుస్తారు.

ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. ఏ మందు డబ్బా అయినా ముందు చదవండి.

పురుగుమందు డబ్బా మీద ఒక డైమండు గుర్తు ఉంటుంది. పేకముక్కల్లో డైమండు లాంటిదే. దాని కింది సగంలో ఒక రంగు ఉంటుంది.

ఎరుపు: అన్నిటికంటే ఎక్కువ విషం.
పసుపు: ఎక్కువ విషం.
నీలం: ఒక మాదిరి విషం.
ఆకుపచ్చ: తక్కువ విషం.

ఆకుపచ్చ ఉంటే విషం లేదని కాదు. తక్కువ అని మాత్రమే. పొలం మందు పొలానికే. ఇంట్లో వాడొద్దు. ఖాళీ డబ్బాలో నీళ్ళు గాని, నూనె గాని పోసుకోవద్దు.

9. కందిరీగ కుడితే

ముందు ఆ చోటు నుంచి దూరంగా వెళ్ళండి. గూడు దగ్గర నిలబడితే ఇంకా కుడతాయి. ముఖం కొంగుతో కప్పుకోండి. ఇంట్లోకో, మూసిన గదిలోకో వెళ్ళండి.

తర్వాత ఇలా చేయండి.

కుట్టిన చోట సబ్బుతో, నీళ్ళతో కడగండి.
చేతికి కుడితే గాజులు, ఉంగరాలు వెంటనే తీయండి. కాలికి కుడితే మెట్టెలు, పట్టీలు తీయండి. వాపు వచ్చాక అవి రావు. బిగుసుకుని రక్తం ఆడదు.
చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి 10 నిమిషాలు వేయండి. మళ్ళీ వేయండి. మంచుగడ్డ ఉంటే గుడ్డలో చుట్టి పెట్టండి.
తేనెటీగ అయితే ముల్లు ఉంటుంది. గోటితో వెంటనే గీకి తీసేయండి.
గోకకండి. గోకితే పుండు పడుతుంది.

ఇవి చేయకండి.

సున్నం పెట్టకండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. కంటి దగ్గరైతే చూపుకే ప్రమాదం.
కిరసనాయిలు రాయకండి.
మట్టి, పేడ పెట్టకండి.
బ్లేడుతో కోయకండి.

చాలామందికి నొప్పి, ఎరుపు, వాపు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కాని కుట్టిన తర్వాత ఒక గంట సేపు ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఎందుకో కింద చదవండి.

10. ప్రాణం మీదికి వచ్చే గుర్తులు

కందిరీగ విషం కొందరి ఒంటికి పడదు. ఒక్కటి కుట్టినా ప్రాణం మీదికి వస్తుంది. అది కొద్ది నిమిషాల్లోనే మొదలు కావచ్చు. ఈ గుర్తులు నెమ్మదిగా చదవండి. బాగా గుర్తుపెట్టుకోండి.

ఒళ్ళంతా దద్దుర్లు, దురద.
పెదవులు, నాలుక, కళ్ళు వాయడం.
ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం.
వాంతులు, కడుపునొప్పి.
కళ్ళు తిరగడం, చెమటలు, పడిపోవడం.

కుట్టిన చోట మాత్రమే వాస్తే అంత భయం లేదు. కుట్టింది చేతికి, వాచింది పెదవి అంటే అది ప్రమాదం.

నోట్లో గాని, గొంతులో గాని కుట్టినా ప్రమాదమే. చాలా కందిరీగలు కలిసి కుట్టినా ప్రమాదమే. అప్పుడు ఏ గుర్తూ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. విషం ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గినా, టీ డికాక్షను రంగులో వచ్చినా డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు మూడో మాట. ఆలస్యం వద్దు.

మంత్రం వేయించడానికి వెళ్ళకండి. ఆకుపసరు కోసం తిరగకండి. దీనికి మందు అడ్రినలిన్ అనే ఇంజక్షను. ఆసుపత్రిలో తొడకు ఇస్తారు. అది ఎంత త్వరగా పడితే అంత మంచిది.

అక్కలారా! మనం నొప్పి ఓర్చుకోవడానికి అలవాటుపడ్డాం. "ఆయన పొలం నుంచి రానీ", "పొద్దుటికి తగ్గుతుందిలే" అనుకుంటాం. ఊపిరి ఆడనప్పుడు ఓర్పు పనికిరాదు. ఎవరి కోసమూ ఆగకండి. ఎవరి అనుమతీ అడగకండి. ఫోను మీరే చేయండి.

నంబరు 1 0 8. మన దగ్గర 2005 నుంచి ఈ అంబులెన్సు ఉంది. దీనికి డబ్బులు అడగరు.

ఫోనులో ఇలా చెప్పండి.

"కందిరీగ కుట్టింది. మనిషికి ఊపిరి ఆడటం లేదు. మాది ఫలానా ఊరు, ఫలానా మండలం. మా ఇల్లు నీళ్ళట్యాంకు పక్కన. త్వరగా రండి."

ముందు ఏమైందో చెప్పాలి. తర్వాత ఊరు, మండలం చెప్పాలి. తర్వాత ఇంటి గుర్తు చెప్పాలి. వాళ్ళు పెట్టమనేదాకా ఫోను పెట్టకండి.

బండి వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టండి. కాళ్ళ కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచండి. ఊపిరి ఆడకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నిలబెట్టకండి. నడిపించకండి. నోట్లో ఏమీ పోయకండి. గర్భిణి అయితే ఎడమ పక్కకు పడుకోబెట్టండి.

ఒకసారి ఇలా అయినవాళ్ళకు మళ్ళీ కుడితే మళ్ళీ ఇలా కావచ్చు. వాళ్ళు డాక్టరును కలిసి సలహా తీసుకోవాలి. వాళ్ళ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి.

11. రాకుండా ఏం చేయాలి?

వారానికి ఒకసారి ఇల్లు చుట్టి చూడండి. చూరు కింద, తలుపు వెనక, మరుగుదొడ్డి మూలల్లో, కట్టెల మోపులో, పిడకల కుప్పలో చూడండి. చిన్న గూడును తీయడం తేలిక.
గోడల్లో కన్నాలు మట్టితోనో, సిమెంటుతోనో పూడ్చండి.
కిటికీలకు, వెంటిలేటర్లకు సన్నజాలీ కొట్టండి. పాత దోమతెర గుడ్డ అయినా సరే.
నీళ్ళకుండకు మూత పెట్టండి. బోరింగు దగ్గర నీళ్ళు నిలవనివ్వకండి. దోమలు కూడా తగ్గుతాయి.
మామిడి తొక్కలు, టెంకలు గుమ్మం ముందు వేయకండి. దూరంగా గోతిలో వేసి మట్టి కప్పండి.
తాండ్ర ఎండబెడితే పైన పలచటి గుడ్డ కట్టండి.
దండెం మీది బట్టలు దులిపి కట్టుకోండి. పిల్లల చొక్కాలు, చెప్పులు కూడా దులపండి.
పిల్లలకు తీపి తినిపించాక మూతి, చేతులు కడగండి.

12. మనమే రాద్దాం

అంగన్‌వాడీ కేంద్రం పక్కన వేపచెట్టు ఉంది. దాని మీద పెద్ద కందిరీగలు గూడు పెట్టాయి. రోజూ పిల్లలు ఆ కిందే ఆడుకుంటారు. ఏం చేయాలి? పంచాయతీకి అర్జీ రాయాలి. ఎలా రాయాలో చూడండి.

పంచాయతీ కార్యదర్శి గారికి,
................ గ్రామం.

అయ్యా / అమ్మా,

మా అంగన్‌వాడీ కేంద్రం పక్కన వేపచెట్టు మీద పెద్ద కందిరీగల గూడు ఉంది. పిల్లలు, గర్భిణులు రోజూ అక్కడికి వస్తారు. కుడితే ప్రాణాలకు ప్రమాదం. గూడును తెలిసినవారితో వెంటనే తీయించవలసిందిగా కోరుతున్నాము. నిప్పు పెట్టకుండా తీయించాలని మనవి.

ఇట్లు,
................ వీధి మహిళలు
సంతకాలు:
తేదీ:

ఈ అర్జీని మీ నోటుపుస్తకంలో రాయండి. ఖాళీల్లో మీ ఊరి పేరు, మీ వీధి పేరు పెట్టండి. కింద వేలిముద్ర వద్దు. సంతకం చేయండి. ఇంకో కాగితం మీద కూడా రాసి మీ దగ్గర ఉంచుకోండి. ఇచ్చినప్పుడు దాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

కొత్త మాటలు

ఈ మాటలు చదవండి. చూసి రాయండి.

కందిరీగ, చూరు, గూడు, తుట్టె, దద్దుర్లు, ధనుర్వాతం, అర్జీ, ఆసుపత్రి

మాట్లాడుకుందాం

1. మట్టిగూడు కట్టే కందిరీగకూ, కాగితం గూడు కట్టే కందిరీగకూ తేడా ఏమిటి?
2. అత్త కాగడా వెలిగించి ఉంటే ఏం జరిగేది?
3. చేతికి కుడితే గాజులు ఎందుకు తీయాలి?
4. ఏ గుర్తులు కనిపిస్తే 108కి ఫోను చేయాలి?
5. మీ ఊళ్ళో కందిరీగ కుడితే ఏం పెడతారు? అది మంచిదా, చెడ్డదా? ఎందుకు?

చేసి చూద్దాం

1. మీ ఇంటి చూరు చుట్టూ నడిచి చూడండి. ఎన్ని గూళ్ళు ఉన్నాయి? ఏవి చిన్నవి? ఏవి పెద్దవి? నోటుపుస్తకంలో రాయండి.
2. కన్నం పడిన పాత మట్టిగూడు దొరికితే విప్పి చూడండి. లోపల ఏం కనిపించింది? రేపు క్లాసులో చెప్పండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.
3. ఒకరు 108, ఒకరు ఫోను చేసేవారు అనుకుని మాట్లాడండి. ఊరి పేరు, మండలం పేరు, ఇంటి గుర్తు చెప్పడం అలవాటు చేసుకోండి.
4. ఇంటికి వెళ్ళగానే తలుపు పక్క గోడ మీద సుద్దతో పెద్ద అంకెలు రాయండి: 108. దాని కింద మీ ఊరి నర్సమ్మ ఫోను నంబరు, ఆశా కార్యకర్త ఫోను నంబరు రాయండి. చదవడం రాని పెద్దవాళ్ళకు, చిన్నపిల్లలకు అది ఏమిటో చూపించండి.